రెడ్ హ్యాట్ పేరు, సెంట్‌ఓఎస్ చదువు

1996 మార్చిలో పీసీక్వెస్ట్ అనే ఇంగ్లిషు పత్రిక తన సంచికతో పాటు ఒక సీడీ ఇచ్చింది. అందులో ఉన్నది స్లాక్‌వేర్ లినక్స్. దేశంలో సామాన్యుడికి ఇంటర్నెట్ వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. టెలిఫోన్ లైను మీద అంత పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్‌ను దించుకోవడం అయ్యే పని కాదు. తర్వాతి ఏళ్లలో అదే పత్రిక రెడ్ హ్యాట్ లినక్స్ ఆధారంగా తయారైన సీడీలు పంచింది. 2003లో లినక్స్ ఫర్ యూ పత్రిక వచ్చింది. 2005 నుంచి 2011 దాకా ఉబుంటు వాళ్లు అడిగినవారికల్లా పోస్టులో ఉచితంగా సీడీలు పంపారు. హైదరాబాద్‌కు దూరంగా, అప్పటి కరీంనగర్ జిల్లాలో ఉన్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి పట్టణాలకు లినక్స్ చేరడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు.

సీడీ చేతికి రావడం వేరు, దాంతో బతుకుదెరువు దొరకడం వేరు. ఆ రెండో దారి హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్ల అడ్డా అయిన అమీర్‌పేట మీదుగా పోయింది.

జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల ఊళ్లలో పదో తరగతి దాటిన కుర్రాడి ముందు దుబాయి, మస్కట్ వీసాలు ఉండేవి. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) ఉండేవి, అవి ఆగితే మహారాష్ట్రలోని భివండికి బస్సు ఉండేది. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజినీరింగ్ సీటు ఈ ఇళ్లకూ అందింది. 2007లోనే కొండగట్టుకు దగ్గరగా నాచుపల్లిలో జేఎన్‌టీయూ కాలేజీ మొదలైంది. ఆ యూనివర్సిటీ 2009 సిలబస్‌లో లినక్స్ ప్రోగ్రామింగ్ ఒక పేపరు, దానికో ల్యాబు. అయితే అక్కడ నేర్పేది షెల్ స్క్రిప్టు, ప్రాసెస్‌లు, పైపులు, సాకెట్లు. అది ప్రోగ్రామర్ చదువు. రాత్రి రెండు గంటలకు సర్వర్‌లో డిస్కు నిండిపోయి అప్లికేషన్ ఆగిపోతే ఏం చేయాలన్నది ఆ పేపర్లో రాదు.

ఆ పని తెలిసినవాడినే సిస్టమ్ అడ్మిన్ అంటారు. యూజర్లను సృష్టించడం, ఎవరికి ఏ ఫైలు కనపడాలో తేల్చడం, డిస్కులు పెంచడం, ప్యాచ్‌లు వేయడం, సర్వీసు పడిపోతే లేపడం అతని పని. కోడింగ్ పెద్దగా రాకపోయినా ఫరవాలేదన్న పేరు దీనికి వచ్చింది. అందుకే మెకానికల్ ఇంజినీర్లు, బీఎస్సీ, బీకాం కంప్యూటర్స్ చదివినవాళ్లు ఎక్కువగా ఇటే మళ్లారు. ఆ పేరులో నిజం సగమే. పదేళ్లు తిరక్కుండానే ఆటోమేషన్ వచ్చి అడ్మిన్‌ను కూడా కోడ్ రాయమంది.

జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగి, ఎస్సార్ నగర్‌లోనో బల్కంపేటలోనో హాస్టల్ వెతుక్కుని, మైత్రీవనం ముందు ఫ్లెక్సీలు చదువుకుంటూ డెమో క్లాసుకు పోవడం ఆ రోజుల్లో ఒక తతంగం. ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాల్లో ఉండే పేరు రెడ్ హ్యాట్. అమెరికాలో మార్క్ ఈవింగ్, బాబ్ యంగ్ 1990ల మధ్యలో నిలబెట్టిన ఆ కంపెనీ, 1999లో ఆర్‌హెచ్‌సీఈ పరీక్ష పెట్టింది. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే పరీక్ష కాదది. ఎదుట మిషన్ పెడతారు, పని చేసి చూపాలి. దాని తమ్ముడు ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకూ అదే పద్ధతి: మొత్తం 300 మార్కులు, 210 వస్తే పాస్, సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. మిషన్ రీబూట్ అయ్యాక కూడా మనం చేసిన మార్పు నిలవాలి, నిలవకపోతే ఆ పనికి మార్కు లేదు. సర్వీసును స్టార్ట్ చేసి, బూట్‌లో ఆన్ చేయడం మరిచి ఫెయిలైనవాళ్ల కథలు అమీర్‌పేట హాస్టళ్లలో కొల్లలు.

ఇక్కడొక చిత్రం ఉంది. ఫ్లెక్సీ మీద రెడ్ హ్యాట్ అని ఉన్నా, విద్యార్థి ల్యాప్‌టాప్‌లో ఉండేది చాలావరకు సెంట్‌ఓఎస్. 2003లో కంపెనీ తన పాత ఉచిత లినక్స్‌ను తొమ్మిదో వెర్షన్‌తో ఆపేసి, ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌ను చందా కట్టినవారికి పరిమితం చేసింది. సోర్సు కోడ్‌ను మాత్రం అప్పట్లో అందరికీ అందుబాటులో ఉంచింది. ఆ కోడ్ నుంచి పేరూ గుర్తూ తీసేసి మిగతాదంతా ఉన్నదున్నట్టుగా కట్టిన కవల 2004లో వచ్చిన సెంట్‌ఓఎస్. కమాండ్లు అవే, ఫైళ్లు అవే, ధర సున్నా. ఈ ఉచిత కవలే లేకుంటే మన జిల్లాల పిల్లలకు ఈ పని వచ్చేది కాదన్నది అతిశయోక్తి కాదు. బ్రాండు పరీక్ష పెట్టింది, చదువు మాత్రం కాపీ చెప్పింది.

2014 జూన్‌లో ఎంటర్‌ప్రైజ్ లినక్స్ ఏడో వెర్షన్ రాగానే అప్పటిదాకా జిరాక్స్ తీసుకున్న మెటీరియల్‌లో సగం చిత్తు కాగితమైంది. సర్వీసుల బాధ్యత సిస్టమ్‌డీకి పోయింది. ఐపీ టేబుల్స్ స్థానంలో ఫైర్‌వాల్‌డీ వచ్చింది. డిఫాల్ట్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయింది. దాన్ని పెంచవచ్చు, తగ్గించడం కుదరదు. ఆరో వెర్షన్‌లో రూట్ పాస్‌వర్డ్ మరిచిపోతే బూట్ లైను చివర ఒకటి అంకె చేర్చితే చాలు, లోపలికి పోవచ్చు. ఏడులో ఆ దారిన పోతే మరిచిన పాస్‌వర్డే అడుగుతుంది. ఆర్‌డీ డాట్ బ్రేక్ అని ఇచ్చి, ఫైల్ సిస్టమ్‌ను రాసేందుకు వీలుగా మళ్లీ మౌంట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, ఆపై ఎస్‌ఈలినక్స్ లేబుళ్లు మళ్లీ వేయమని చెప్పాలి. ఆ ఆఖరి మెట్టు తప్పితే పాస్‌వర్డ్ సరైనదైనా లాగిన్ కాదు. ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న ఇప్పటికీ అడుగుతారు. కష్టమైనదని కాదు, బట్టీ పట్టినవాడెవడో చేసి చూసినవాడెవడో దీంతో తేలిపోతుందని.

అమీర్‌పేటను మరీ ఆకాశానికెత్తాల్సిన పనీ లేదు. పని నేర్పిన సందుల్లోనే దొంగ అనుభవ పత్రాలూ అమ్ముడయ్యాయి. నిజంగా నేర్చుకున్నవాడికి కూడా ఆ మచ్చ అంటింది.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజు అమీర్‌పేట హాస్టళ్ల నుంచి వేలమంది అనుమతి పత్రాల కోసం పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. కొద్ది రోజుల్లో క్లాసులు ఆన్‌లైన్‌కు మారాయి. అమీర్‌పేట గది అద్దె కట్టకుండానే కోరుట్లలో ఇంటి డాబా మీద కూర్చుని అదే బ్యాచ్ వినడం కుదిరింది. రెడ్ హ్యాట్ కూడా అదే ఏడాది ఇంటి నుంచే పరీక్ష రాసే ఏర్పాటు తెచ్చింది.

అదే ఏడాది డిసెంబర్ 8న మరో దెబ్బ. రెడ్ హ్యాట్‌ను 2019 జులైలో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొనేసింది. సెంట్‌ఓఎస్ 2014 నుంచే రెడ్ హ్యాట్ గూటిలో ఉంది. 2029 దాకా నడుస్తుందనుకున్న ఎనిమిదో సెంట్‌ఓఎస్ 2021 డిసెంబర్ 31తో ఆగిపోతుందని ప్రకటన వచ్చింది. వ్యాపారం దృష్టితో అర్థం చేసుకోవచ్చు. ఉచిత కవల మీద చదువుకున్నవాళ్లకు మాత్రం ఇది మాట తప్పడంగానే కనిపించింది. నెలల్లోనే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చి ఖాళీ నింపాయి. రాకీని మొదలుపెట్టిన గ్రెగరీ కర్ట్‌జర్ ఒకప్పుడు సెంట్‌ఓఎస్‌కు పునాది వేసినవాడే. విమర్శల వేడికో ఏమో, 2021 జనవరిలో రెడ్ హ్యాట్ తన అసలు సరుకునే ఒక్కొక్క వ్యక్తికి 16 మిషన్ల దాకా ఉచితంగా వాడుకోనిస్తానంది. 2023లో ఎంటర్‌ప్రైజ్ లినక్స్ సోర్సు కోడ్‌ను కూడా చందాదారులకే పరిమితం చేసింది. అయినా ఆ రెండు కొత్త కవలలు ఆగలేదు.

2021లో సిరిసిల్లలోనూ జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ తెరిచారు. అంతకు ముందటేడు కరీంనగర్‌లో ఐటీ టవర్ వచ్చింది. పదో వెర్షన్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 2025 మేలో విడుదలైంది. దాన్ని ఇంట్లోని ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మిషన్‌గా పెట్టుకోవడానికి ఇవాళ పైసా ఖర్చు లేదు, బస్సు టికెట్ అక్కర్లేదు. మిగిలిన అడ్డంకి పరీక్ష ఫీజు ఒక్కటే. సాంచా కార్మికుడి ఇంటికీ బీడీలు చుట్టే తల్లికీ అది బరువే. కాలేజీ ఫీజు భరించిన ప్రభుత్వం, నాచుపల్లిలో, సిరిసిల్లలో ల్యాబు పరీక్షల్లో నెగ్గుకొచ్చిన పిల్లలకైనా ఈ ఒక్క పరీక్ష ఫీజు కట్టాలి.