అంకెనే అలుగుగా నమ్మిన కట్ట

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, ప్రాఫిట్ కొండ నెత్తిన టామ్ సాక్ అనే జలాశయం ఉండేది. అందులోకి ఏ వాగూ చేరేది కాదు. కరెంటు చవకైన రాత్రివేళ కింది జలాశయం నుంచి నీళ్లు పైకి తోడేవారు. పగలు గిరాకీ పెరిగితే అవే నీళ్లు కిందికి వదిలి 450 మెగావాట్ల దాకా కరెంటు తీసేవారు. మన శ్రీశైలం ఎడమగట్టున, నాగార్జునసాగర్‌లో జరిగే పనే. 1963 నుంచి నమ్మకంగా పనిచేసిన ఆ కేంద్రాన్ని, 2005లో ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ చరిత్రాత్మక నిర్మాణంగా గౌరవించింది. అదే ఏడు అది కూలింది.

మన ఊరి చెరువుకైనా అలుగు ఉంటుంది. ఆ కొండమీది చెరువుకు లేదు. వరద వచ్చే దారే లేనప్పుడు, పంపులు ఆపేస్తే చాలదా అనుకున్నారు. అంటే దాని అలుగు ఒక అంకె. నీటిమట్టం ఫలానా అడుగులకు చేరగానే పంపు ఆగాలని కంట్రోల్ ప్రోగ్రాంలో పెట్టిన హద్దు. ఆ అంకె ఎంత బరువు మోస్తున్నదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మట్టాన్ని చెప్పేవి నీటి అడుగున ఉండే ప్రెషర్ సెన్సర్లు. పైనున్న నీటి బరువును కొలిచి సిగ్నల్‌గా పంపుతాయి. ఇలాంటి మీటర్లలో అది సాధారణంగా 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల కరెంటు. దాన్ని ప్రోగ్రాం అడుగుల్లోకి మారుస్తుంది. ఈ లెక్కంతా ఒక్క నమ్మకం మీద నిలబడింది: సెన్సర్ పెట్టిన చోటే ఉండాలి.

అది ఉండలేదు. 2004లో జలాశయం లోపల కొత్త ప్లాస్టిక్ పొర పరిచినప్పుడు సెన్సర్ల పైపులనూ కొత్తగా బిగించారు. నీటి ఒరవడికి ఆ బిగింపులు సడలి పైపులు వంగాయి, వాటితోపాటు సెన్సర్లు పైకి లేచాయి. పైకి లేచిన సెన్సర్ మీద నీరు తక్కువ కాబట్టి అది తక్కువే చెప్పింది. అబద్ధం కాదు, తానున్న చోటి నిజమే చెప్పింది.

2005 సెప్టెంబరులో నీరు కట్ట మీది గోడను దాటి పొర్లింది. పైపులు సడలిన సంగతీ త్వరలోనే తెలిసింది. పంపు ఆగే హద్దును రెండు అడుగులు దించి, లెక్కలో కొంత సవరణ కలిపి, అసలు మరమ్మతును తర్వాతికి వాయిదా వేశారు. పైపులు మాత్రం ఆగలేదు, ఇంకా వంగాయి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ వాయిదాయే. కట్ట తన గోడు ముందే చెప్పుకుంది.

ఆఖరి కాపలాగా గోడ దగ్గర రెండు ప్రోబ్‌లు ఉండేవి. నీరు తాకితే పంపులు ఆగాలి. కానీ రెండూ తడిస్తేనే ఆగేలా ప్రోగ్రాం రాశారు. పైగా రాళ్లకట్ట ఏళ్ల తరబడి కుంగుతూ, సముద్రమట్టం నుంచి 1,599 అడుగుల ఎత్తున ఉండాల్సిన గోడ అంచు ఒకచోట 1,597కి దిగింది. ప్రోబ్‌లు ఆ చోటుకంటే కొన్ని అంగుళాలు ఎత్తున ఉన్నాయి. నీరు వాటిని తాకేలోపే గోడ దాటుతుంది.

2005 డిసెంబరు 14, తెల్లవారుజామున అయిదు దాటింది. కొండమీద మనిషి లేడు. పంపులు తోడుతూనే ఉన్నాయి. కుంగిన చోట పొర్లిన నీరు కట్టను కోసి, దాదాపు 680 అడుగుల గండి తెరిచింది. వంద కోట్ల గాలన్లకు పైగా నీరు అరగంట లోపే కిందికి దూకి, అడవిని పెకలించి కొండ ఎముకల్లాంటి ఆదిమ శిలలను బయటపెట్టింది. కొండ కింద ఉన్న జాన్సన్స్ షట్-ఇన్స్ పార్కు అధికారి ఇల్లు కొట్టుకుపోయింది. భార్య, ముగ్గురు పసిపిల్లలతో సహా అందరూ ఆ చలినీళ్ల నుంచి ప్రాణాలతో బయటపడ్డారు. చలికాలం కాబట్టి పార్కులోని గుడారాల మైదానం ఖాళీగా ఉంది.

నడిపిన కంపెనీ మీద కేంద్ర విద్యుత్ నియంత్రణ సంస్థ కోటిన్నర డాలర్ల జరిమానా వేసింది. కొత్త కట్టను కాంక్రీటుతో, అలుగుతో కట్టి 2010లో మళ్లీ నీళ్లు నింపారు. పాత కట్ట రాళ్లనే పగలగొట్టి ఆ కాంక్రీటులో కలిపారు.