కాలువ మూసుకోకముందే

ఖరగ్‌పూర్ పూరీ గేట్‌లో రాత్రి రెండు గంటలు. పుట్టి రెండు రోజులైన పిల్లాడు రొమ్ము అందుకుని, రెండు గుక్కలకే వగర్చి వదిలేస్తున్నాడు. అమ్మమ్మ వాడి చేతిని బల్బు వెలుగులోకి తెచ్చింది. గోళ్లు నేరేడు రంగు.

"సలికేటమ్మా?" అంది కూతురు.

"సలికి నాలిక నీలంగా అవుద్దేటే? లెగు, ఆస్పత్రికి పోదాం."

నర్సు ఆక్సీమీటరు పట్టీని కుడిచేతికి చుట్టి చూసి, తర్వాత పాదానికి చుట్టింది. 95 ఉండాల్సిన అంకె 70 దగ్గరే ఊగుతోంది. ఆక్సిజన్ పెట్టినా కదల్లేదు. లోపం ఊపిరితిత్తులదైతే కాస్తయినా పెరిగేది. ఎకోలో గుట్టు బయటపడింది: గుండెనుంచి బయల్దేరే రెండు పెద్ద ధమనులు తారుమారయ్యాయి. చెడు రక్తం మళ్లీ ఒంట్లోకే, మంచి రక్తం మళ్లీ ఊపిరితిత్తులకే తిరుగుతోంది. ఆ రెంటినీ కాస్త కలుపుతున్నవి పై గదుల మధ్య చిన్న రంధ్రం, డక్టస్ అనే కాలువ. కడుపులో ఉన్నప్పటి ఆ కాలువ కొద్దిరోజుల్లో మూసుకుపోతుంది. డాక్టరు బెంగాలీలో చెబుతుంటే అల్లుడు అత్తగారికి తెలుగులో చెబుతున్నాడు. అప్పటికే ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్పు ఎక్కుతోంది. కాలువను తెరిచి ఉంచే మందు అది.

అంబులెన్స్ ఎన్‌హెచ్ 16 ఎక్కింది. అటు పోతే శ్రీకాకుళం. తాతలు ఆ దిక్కునుంచే రైల్వే పనికి వచ్చారు. బండి ఇటు, కోల్‌కతా వైపు తిరిగింది. డేబ్రా దాటింది, కోలాఘాట్ దాటింది. ఆ మందు ఒక్కోసారి ఊపిరిని ఆపేస్తుంది. అందుకే వెంట ఉన్న డాక్టరు పిల్లాడి డొక్కల మీంచి చూపు తిప్పడం లేదు.

పసిపిల్లల గుండె ఆపరేషన్ కోల్‌కతాకు కొత్త కాదు. 1992లో బి.ఎం. బిర్లా ఆస్పత్రిలో డాక్టర్ దేవి శెట్టి తొమ్మిది రోజుల పసికందుకు గుండె ఆపరేషన్ చేశారు. డబ్బులేని ఇళ్ల పిల్లలకు 2013 నుంచి రాష్ట్ర ప్రభుత్వ 'శిశు సాథి' పథకం ఉంది.

పిల్లాడికి ముందు తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టం పంపి, దాని కొసన బెలూన్ ఊది లాగి, పై గదుల మధ్య రంధ్రాన్ని వెడల్పు చేశారు. అంకె 80 దాటింది. ఆపరేషన్‌ను ఎక్కువ రోజులు వాయిదా వేయలేరు. ఊపిరితిత్తులకే రక్తం తోస్తూ ఉంటే ఎడమ జఠరిక బలం తగ్గిపోతుంది.

థియేటర్లో గుండె ఆగింది. యంత్రం ఆ పని అందుకుంది. మూడు కిలోల ఒంట్లో ఉన్నది పావు లీటరు రక్తం. సర్జన్ కళ్లకు భూతద్దాలు, చేతిలో కంటికి ఆనని దారం. రెండు ధమనులను కోసి మార్చి కుట్టారు. అసలు కష్టం గుండెకే రక్తమిచ్చే కరొనరీలది: ఒకటి రెండు మిల్లీమీటర్ల ఆ గొట్టాలను మెలిపడకుండా కొత్తచోట అతికించాలి. 1975లో బ్రెజిల్‌లో అదీబ్ జతెనె సాధించి చూపిన పద్ధతి ఇదే. క్లాంపు తీశారు. గుండె ఎర్రబడి, కొట్టుకుంది.

నాలుగోరోజు ఊపిరి గొట్టం తీసేశారు. ఏళ్ల తరబడి చెకప్పులు ఉంటాయన్నారు. అమ్మమ్మ వరండాలోకి వచ్చి, పూరీ గేట్‌లో నెలలు నిండిన పక్కింటి కోడలికి ఫోన్ చేసింది: "కానుపయ్యాక ఊరికే ఇంటికొచ్చేయకు. పిల్లకి కాలికెట్టే ఆ మిషను ఎట్టి సూడమని అడుగు. రెండు నిమిషాల పని."