ఇంజిన్ ఇచ్చారు... గుట్టు ఇవ్వలేదు!

2010 ఏప్రిల్ 15. సాయంత్రం నాలుగు దాటింది. సూళ్లూరుపేటలో ఎండ ఇంకా చురుక్కుమంటోంది. జనం మిద్దెలెక్కారు. అందరి చూపూ తూర్పు వైపే. పులికాట్ సరస్సు అవతల, శ్రీహరికోటలోని రాకెట్ ప్రయోగ కేంద్రం షార్‌లో, జీఎస్‌ఎల్‌వీ-డీ3 నిప్పు కోసం కాచుకుని ఉంది. 4 గంటల 27 నిమిషాలు. నేల అదిరింది. రాకెట్ లేచింది. మొదటి దశ మండింది. రెండో దశా మండింది. ఇక మిగిలింది ఒక్కటే. పదహారేళ్లుగా మనవాళ్లు సొంతంగా మలుచుకుంటూ వచ్చిన క్రయోజెనిక్ ఇంజిన్ ఇప్పుడు అందుకోవాలి.

అంటుకుంది. ఆ వెంటనే ఆగిపోయింది. 2,220 కిలోల జీశాట్-4ను మోసుకుంటూ రాకెట్ దారి తప్పింది. ఎత్తు తగ్గింది. బంగాళాఖాతంలో పడిపోయింది. తర్వాత విచారణలో అసలు సంగతి తేలింది. ఇంజిన్‌కు హైడ్రోజన్ అందించే బూస్టర్ టర్బో పంపు నిమిషానికి 34,800 చుట్ల వేగం అందుకుంది. సెకనున్నరలో ఆగిపోయింది. అప్పటికే రష్యా ఇంజిన్లు మన చేతికొచ్చాయి. వాటితో రాకెట్లు ఎగరేశాం. విప్పి చూడొచ్చు, చేత్తో తడమొచ్చు. మరి అలాంటిదే మనమెందుకు చెయ్యలేకపోయాం?

జవాబు 1991 జనవరిలో ఉంది. ఆ నెలలో ఇస్రో, అప్పటి సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్ సంతకాలు చేశాయి. ఒప్పందం విలువ సుమారు 235 కోట్ల రూపాయలు. ఇంజిన్లతో పాటు వాటిని తయారు చేసే విద్య కూడా నేర్పాలన్నది అందులో మాట. అమెరికా అడ్డుపడింది. క్షిపణి పరిజ్ఞానం చేతులు మారుతోందంది. 1992 మేలో ఇటు ఇస్రో మీద, అటు గ్లావ్‌కాస్మోస్ మీద ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా వెనక్కి తగ్గింది. ఒప్పందం తిరగరాశారు. ఏడు ఇంజిన్లు వస్తాయి. విద్య మాత్రం రాదు!

ఆ విద్య అంత గట్టిది ఎందుకయింది? ఈ ఇంజిన్ తాగే ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంటుంది, ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర. ఆ చలిలో ఏ సీలు ఎంత ముడుచుకుంటుందో, ఏ అతుకు ఎక్కడ పగులుతుందో, తిరిగే ఇరుసుకీ దాని గూటికీ మధ్య వెంట్రుకవాసి సందు ఎంత వదలాలో, ఏ వాల్వు ఏ క్షణాన తెరవాలో, ఇవేవీ తయారైన ఇంజిన్ ఒంటి మీద రాసి ఉండవు, ఏళ్ల తరబడి పాడుచేసి బాగుచేసిన చేతుల్లోనే ఉంటాయి. నెల్లూరు చేపల పులుసు ఎన్నిసార్లు తిన్నా వండే చెయ్యి రాదు కదా!

వ్యాపార లోకంలో ఇలాంటి గుట్టును ట్రేడ్ సీక్రెట్ అంటారు. పేటెంట్ దారి వేరు. పేటెంట్ కావాలంటే పనితనం విప్పి చెప్పాలి. దరఖాస్తు మామూలుగా 18 నెలలకు లోకమంతటికీ బయటపడుతుంది. రక్షణ 20 ఏళ్లు. గుట్టుకు గడువు లేదు. కాపాడుకున్నన్నాళ్లూ మనదే. జారిందా, పోయినట్టే. అందుకే గుట్టు చుట్టూ భయం కూడా కాపలా కాస్తుంది. ఒక్కోసారి ఆ భయం మనిషినే కాటేస్తుంది.

1994 నవంబరు 30. క్రయోజెనిక్ ప్రాజెక్టును నడిపిస్తున్న నంబి నారాయణన్‌ను కేరళ పోలీసులు అరెస్టు చేశారు. రహస్యాలు అమ్మేశాడన్నారు. అమ్మడానికి అప్పటికి మన దగ్గర ఆ విద్యే లేదు! 1996లో సీబీఐ ఆ ఆరోపణలు అబద్ధమని తేల్చింది. 2018 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఆయనకు 50 లక్షల పరిహారం ఇవ్వమంది. పోయిన ఏళ్లు మాత్రం తిరిగి రాలేదు. అయినా మిగతావాళ్లు పని ఆపలేదు.

2013 ఆగస్టు 19. మళ్లీ శ్రీహరికోట. సాయంత్రం 4.50కి జీఎస్‌ఎల్‌వీ-డీ5 లేవాలి. కౌంట్‌డౌన్ గడియారం పరిగెడుతోంది. ఇంకా గంటా పద్నాలుగు నిమిషాలుందనగా రెండో దశలో ఇంధనం కారుతోంది. ఆపేశారు. రాకెట్‌ను వెనక్కి తీసుకెళ్లారు. రెండో దశనే మార్చేశారు. ఇంధన ట్యాంకుకు వేరే అల్యూమినియం మిశ్రమం వాడారు. ఇంకోసారి పడిపోతే?

2014 జనవరి 5. సాయంత్రం 4.18. రాకెట్ లేచింది. మొదటి దశ. రెండో దశ. క్రయోజెనిక్ అంటుకుంది. ఈసారి ఆగలేదు. దాదాపు పన్నెండు నిమిషాలు మండింది. 1,982 కిలోల జీశాట్-14 కక్ష్యలోకి జారింది. ఒక్క గుట్టు దొరకనందుకు దేశం ఇరవై ఏళ్లు చెల్లించింది. అదే గుట్టు ఇప్పుడు మన సొంతం. ఇక ఇస్రో పక్కనే కొత్తవాళ్లు వచ్చి నిలబడ్డారు.

2022 నవంబరు 18. చలికాలం మబ్బులు. 15న జరగాల్సిన ప్రయోగం వాతావరణం బాగోలేక మూడు రోజులు వెనక్కి పోయింది. ఉదయం 11.30. ఆరు మీటర్ల పొడవు, 545 కిలోల బరువున్న చిన్న రాకెట్ నిప్పులు కక్కుతూ లేచింది. పేరు విక్రమ్-ఎస్. కట్టింది ప్రభుత్వం కాదు. ఇస్రోలో పనిచేసి బయటికొచ్చిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో పెట్టిన స్కైరూట్. ఇస్రోతో 2021లోనే ఒప్పందం రాసుకుని, షార్ గేటు లోపలికి దర్జాగా వచ్చారు. రాకెట్ 89.5 కిలోమీటర్ల ఎత్తు అందుకుంది. దేశంలో ప్రైవేటు రాకెట్ ఎగరడం అదే మొదలు. ఎగరడం అయింది. మరి ఇలాంటి కంపెనీ తన తెలివిని దేనితో కాపాడుకోవాలి?

పేటెంట్ ఒక్కటే సరిపోదు. స్పేస్‌ఎక్స్‌కు దాదాపు పేటెంట్లే లేవని ఎలాన్ మస్క్ 2012లో వైర్డ్ పత్రికతో చెప్పాడు. పేటెంట్ అచ్చయితే పోటీదారు దాన్నే చూసి తయారు చేసుకుంటాడన్నది ఆయన లెక్క. గుట్టు లోపల దాచొచ్చు. కానీ పేరు దాచలేం. పేరు బయటే ఉండాలి. దాన్నే ఎవరైనా ఎత్తుకుపోతే?

సూళ్లూరుపేటలో హైవే ఎక్కి దక్షిణంగా పోతే చెన్నై. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ కడుపున పుట్టిన సత్యం ఇన్ఫోవే అక్కడే ఎదిగింది. తన పేరులోంచే 'సిఫీ' అన్న ముక్క అల్లుకుంది. 1999లో ఆ పేరుతో వెబ్‌సైట్లు రిజిస్టరు చేసుకుంది. కొన్నాళ్లకు బెంగళూరులో ఇంకో కంపెనీ 'సిఫ్ఫీనెట్' అంటూ తెరమీదికొచ్చింది. సిఫీ కోర్టు మెట్లెక్కింది. బెంగళూరు సివిల్ కోర్టులో గెలిచింది. కర్ణాటక హైకోర్టులో ఓడింది. ఇక మిగిలింది సుప్రీంకోర్టు.

2004 మే 6. జస్టిస్ రుమా పాల్ ధర్మాసనం తీర్పు చెప్పింది. డొమైన్ పేర్ల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేకపోయినా, ట్రేడ్‌మార్కుకు ఇచ్చే రక్షణ వాటికీ ఇవ్వొచ్చంది. జనాన్ని తికమక పెట్టే పేరు చెల్లదంది. సిఫీ గెలిచింది. పేటెంట్ లేదు, యంత్రం లేదు. కేవలం ఒక పేరు ఆస్తిగా నిలబడింది.

ఇస్రో దారి చూసి సూళ్లూరుపేటలోనో, తిరుపతిలోనో కంపెనీ పెట్టాలనుకునే కుర్రాళ్లూ, అమ్మాయిలూ, ఈ మాట వినండి. మొదటి రోజే పేరును ట్రేడ్‌మార్కు చేయించండి. మీ సాఫ్ట్‌వేర్‌కు 1957 నాటి కాపీరైట్ చట్టం రక్షణ ఉంది. ఎవరు, ఎప్పుడు రాశారో లెక్క ఉంచండి. డిజైన్ రిజిస్టరు చేయించాకే బయట చూపండి. ఇక గుట్టు సంగతి. తెలియాల్సినవాళ్లకే తెలియనివ్వండి. చెప్పేముందు రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టించండి. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. మనిషిని కట్టెయ్యలేరు, కాగితాన్నే కాపాడుకోవాలి. ట్రేడ్ సీక్రెట్లకు విడిగా చట్టం తేవాలని లా కమిషన్ 2024 మార్చిలో ముసాయిదాతో సహా ప్రభుత్వానికి చెప్పింది. ఆ చట్టం రావాలి, త్వరగా రావాలి. అందాకా మీ తెలివికి మొదటి కాపలాదారు మీరే.