తేలికపాటి శిక్షణ విమానాలు: హంసకు విపణిలో గల అవకాశాలు

విమానం నడపడం నేర్చుకునే విద్యార్థి సాధారణంగా మొదట ఎక్కేది ఒకే ఇంజన్ గల చిన్న విమానం. గురువు, శిష్యుడు పక్కపక్కన కూర్చుంటారు. నడిపే సాధనాలు ఇద్దరి చేతికీ అందేలా అమర్చి ఉంటాయి. వీటినే తేలికపాటి శిక్షణ విమానాలు అంటారు. మన దేశంలోని శిక్షణ సంస్థల్లో ఇవి అధిక భాగం విదేశాలలో తయారైనవే. అమెరికాకు చెందిన సెస్నా, ఇటలీకి చెందిన టెక్నామ్, ఆస్ట్రియాలో పుట్టిన డైమండ్ వీటిలో ముఖ్యమైనవి.

గిరాకీకి మూలం

వాణిజ్య పైలట్ లైసెన్సు పొందడానికి మన దేశంలో 200 గంటల విమానయాన అనుభవం కావాలి. 100 మంది విద్యార్థులకు 20,000 గంటలు అవసరమవుతాయి. ఒక్కొక్క విమానం ఏడాదికి 1,000 గంటలు ఎగురుతుందనుకుంటే, వారందరికీ ఒక్క ఏడాదిలో శిక్షణ పూర్తి కావడానికి 20 విమానాలు ఉండాలి. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాల కొనుగోలును ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డరు ఇచ్చింది. విమానాలు పెరిగితే పైలట్లు పెరగాలి, పైలట్లు పెరగాలంటే శిక్షణ విమానాలు పెరగాలి.

భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ 2021లో బెళగావి, కలబురగి, జల్‌గావ్, ఖజురహో, లీలాబరి విమానాశ్రయాలలోను, 2022లో కడప, హుబ్బళ్ళి, సేలం, భావ్‌నగర్, కిషన్‌గఢ్ విమానాశ్రయాలలోను శిక్షణ సంస్థలకు చోటు కేటాయించింది. వీటిలో పలు పట్టణాలు సరిహద్దు జిల్లాల తెలుగువారికి పరిచయమైనవే.

హంస కథ

బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల రూపొందించిన రెండు సీట్ల విమానం హంస. దీని తొలి నమూనా 1993లో ఎగిరింది. 2000లో హంస-3కి పౌర విమానయాన శాఖ ధ్రువీకరణ లభించింది. తమిళనాడులో తెలుగువారు అధికంగా నివసించే హోసూరు సమీపాన కూడా ఈ విమానాల తయారీ జరిగింది. అయినప్పటికీ మొత్తం సంఖ్య ఇరవైకి చేరలేదు.

ఆధునిక పరికరాలతో రూపొందిన కొత్త తరం హంస 2021 సెప్టెంబరు 3న బెంగళూరులో తొలిసారి ఎగిరింది. 2022 ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుదుచ్చేరిలో సముద్రమట్టపు పరీక్షలు జరిగాయి. అదే ఏడాది మే నెలలో చిత్రదుర్గ జిల్లా చళ్ళకెరె వద్ద గాలిలోనే ఇంజన్‌ను ఆపి, తిరిగి ప్రారంభించే కఠిన పరీక్షలో ఇది నెగ్గింది. ఇందులోని రోటాక్స్ ఇంజన్ మోటారు పెట్రోలుతోనూ నడిచేలా తయారైనది. ఖరీదైన విమాన పెట్రోలుపై ఆధారపడే పాత ఇంజన్లతో పోల్చినపుడు ఇది పెద్ద సౌలభ్యం.

అవకాశాలు, ఆటంకాలు

2021 నాటికే ఫ్లయింగ్ క్లబ్బుల నుండి 70కి పైగా ఆసక్తి పత్రాలు అందాయి. అయితే ఆసక్తి పత్రం కొనుగోలు ఒప్పందం కాదు. సంబంధం మాట్లాడుకోవడం వేరు, లగ్నపత్రిక రాసుకోవడం వేరు. భారీ సంఖ్యలో తయారీ కోసం 2025లో సాంకేతిక పరిజ్ఞానాన్ని ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. ఇక విజయం మూడు విషయాలపై ఆధారపడి ఉంటుంది. విమానాలు చెప్పిన గడువుకు అందాలి. విడిభాగాలు, మరమ్మతు సేవలు దగ్గరలో దొరకాలి. ధర విదేశీ విమానాల కంటే స్పష్టంగా తక్కువ ఉండాలి. ఇంజన్ మాత్రం నేటికీ విదేశాల నుండే రావలసి ఉన్నది. కనుక రూపాయి విలువ తగ్గినపుడల్లా ఆ భారం ధరపై పడుతుంది.

కుటుంబాలు గమనించవలసినవి

పైలట్ శిక్షణకు లక్షలాది రూపాయలు వ్యయమవుతాయి. పొలం తాకట్టు పెట్టి గాని, బ్యాంకు రుణం తీసుకొని గాని బిడ్డను చేర్చే తల్లిదండ్రులకు శిక్షణ విమానాల సంఖ్య కేవలం వ్యాపార వార్త కాదు. విమానం విడిభాగం కోసం నిలిచిపోతే విద్యార్థి గంటలు ఆగిపోతాయి, రుణంపై వడ్డీ మాత్రం ఆగదు. కావున చేరే ముందు ఆ సంస్థలో ఎగరగల స్థితిలో ఉన్న విమానాలు ఎన్ని, విద్యార్థులు ఎందరు, శిక్షకులు ఎందరు, గత ఏడాది చేరినవారికి 200 గంటలు పూర్తి కావడానికి ఎన్ని నెలలు పట్టింది అని అడిగి తెలుసుకోవాలి. లైసెన్సు వచ్చిన తరువాత కూడా పెద్ద విమానం నడపడానికి ఆ రకానికి సంబంధించిన ప్రత్యేక శిక్షణ అవసరం. దాని వ్యయాన్ని కూడా ముందుగానే లెక్కలో చేర్చుకోవడం వివేకం.