మైన్స్ కాలంలో మన లారీ ఇంజన్లు ఎందుకు పోయాయి?



మన పెద్దవాళ్లు నలుగురు కూర్చుని లారీల మాట ఎత్తితే చివరికి ఒకటే అంటారు: "2011లో మైన్స్ ఆపేశారు, మనం మునిగిపోయాం." అది నిజమే, కానీ మొత్తం నిజం కాదు. మైన్స్ ఆగకముందే మన బళ్ల ఇంజన్లు లోపల అరిగిపోయి ఉన్నాయి. ఆ సంగతి మన పిల్లలకు చెప్పకపోతే తప్పవుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

బళ్ళారి, సిరుగుప్ప, కంప్లి, గంగావతి వైపు మన లారీల కథ వడ్లతో మొదలైంది. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. తుంగభద్ర కాలవలు పారడం మొదలయ్యాక కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. వడ్లు పండాయి, రైస్ మిల్లులు లేచాయి, బియ్యం తోలడానికి లారీలు కావాల్సి వచ్చాయి. 1954లో టాటా వాళ్లు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసి బండి మీద బెంజ్ గుర్తు పోయినా, మన పెద్దవాళ్ల నోట చాలాకాలం అది "బెంజ్ బండే". మద్రాసు పక్కన ఎన్నూరు నుంచి లేలాండ్ బళ్లు వచ్చేవి.

ఆ రోజుల్లో లారీ అంటే ఇంటికొకటి, మహా అయితే రెండు. నడిపేది అన్నో తమ్ముడో, క్లీనరు మేనల్లుడు. ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు పుస్తకంలో రాసుకునేవాళ్లు. రోజు వచ్చిందంటే కిరాయి చేతిలో ఉన్నా బండి ఆపి ఛాంబర్ బోల్టు విప్పేవాళ్లు.

అది వాళ్ల చాదస్తం కాదు. అప్పటి డీజిల్‌లో గంధకం నూటికి ఒక పాలు దాకా ఉండేది. అది కాలి, ఇంజన్‌లోని తేమతో కలిసి ఆమ్లంగా మారుతుంది. ఆయిల్‌లో కలిపిన క్షారం ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. క్షారం అయిపోయాక ఆమ్లం బేరింగులనే తింటుంది. మన పెద్దలకు ఈ రసాయన శాస్త్రం తెలియదు, కానీ ఆయిల్ మార్చని బండికి బేరింగ్ పోతుందని తెలుసు.

2000 తరువాత చైనాకు ఇనుప ఖనిజం కావాల్సి వచ్చింది. సండూరు, హొసపేట కొండల నుంచి రేవులకు లారీలు బారులు తీరాయి. మనవాళ్లు పొలాలు కుదువ పెట్టి, ఫైనాన్స్ తీసుకుని, ఒకటున్న చోట నాలుగు బళ్లు కొన్నారు. డబ్బు ట్రిప్పుల లెక్కన వచ్చేది. ఆయిల్ మార్చాలంటే బండి ఒక పూట ఆగాలి, ఆగితే వరసలో వంతు పోతుంది. "వచ్చే ట్రిప్పుకు చూద్దాంలే" అన్న మాట అలా మొదలైంది.

అక్కడ మనం మూడు లెక్కలు తప్పాం.

మొదటిది, కిలోమీటర్లే చూశాం, గంటలు చూడలేదు. వేబ్రిడ్జి దగ్గర, లోడింగ్ దగ్గర బండి గంటల తరబడి ఇంజన్ ఆపకుండా నిలబడేది. మీటరు కదలలేదు, ఆయిల్ మాత్రం పాడవుతూనే ఉంది. పైగా 25 టన్నులు దాటకూడని పది చక్రాల బండి మీద అంతకు మించి ఎత్తాం. ఎర్ర దుమ్ము ఎయిర్ ఫిల్టర్ సందుల్లోంచి లోపలికి పోయి ఆయిల్‌లో కలిసింది. అంటే మామూలు కన్నా ముందే మార్చాల్సిన ఆయిల్‌ని మామూలు గడువు దాటించి నడిపాం.

రెండోది, తగ్గినప్పుడల్లా లీటరు, రెండు లీటర్లు పోసి అదే చాలనుకున్నాం. మురికి నీళ్లలో బిందెడు మంచినీళ్లు పోస్తే మురికి పోతుందా? పాత మసి, పాత దుమ్ము లోపలే ఉన్నాయి.

మూడోది, రంగు చూసి మోసపోయాం. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ కొద్దిరోజులకే నల్లబడుతుంది. మసిని పట్టి ఉంచడం దాని పని కాబట్టి అది తప్పు కాదు. పట్టే శక్తి అయిపోయాకే కష్టం. అప్పుడు మసి ముద్దకట్టి, ఆయిల్ చిక్కబడి, ఫిల్టర్ మూసుకుపోతుంది. ఆయిల్ బొత్తిగా అందకపోతే ఇంజన్ పట్టేస్తుందని ఫిల్టర్ పక్కన బైపాస్ వాల్వ్ ఒకటి పెట్టారు. అది తెరుచుకుంటే వడకట్టని ఆయిలే బేరింగులకు పోతుంది. ఆ దుమ్ము బేరింగు మీది మెత్తటి పూతను గీకుతుంది, లైనర్లను అరగదీస్తుంది. టర్బో కూడా ఆ ఆయిల్ మీదే తిరగాలి.

క్రాంక్ గీతలు పడితే పావు మిల్లీమీటరు చొప్పున గ్రైండింగ్ చేసి లావు బేరింగులు వేస్తారు. ఆ వీలు కొన్నిసార్లే. ఆ తరువాత క్రాంక్ తూకానికే.

2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో గనుల తవ్వకం ఆపించింది. బళ్లన్నీ ఒక్కసారి ఆగాయి. కొందరు బియ్యానికి, సిమెంటుకు, పత్తికి దూరం కిరాయిలు పట్టుకుని నిలబడ్డారు. మిగతావాళ్లు అమ్మబోయారు. కొనడానికి వచ్చినవాడు కొత్త పెయింటు చూడలేదు. ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత విప్పాడు. గుప్పున పొగ రాగానే ధర సగం చేశాడు. నెలల తరబడి పాత ఆయిల్‌తోనే షెడ్లో నిలిపిన బళ్లలో ఆమ్లం తన పని తాను చేసుకుపోయింది. తిరిగి స్టార్ట్ చేస్తే టకటకమని బేరింగ్ చప్పుడు. కంతులు కట్టలేక బళ్లు ఫైనాన్స్ వాళ్లకు వదిలేసిన ఇళ్లు మన వీధుల్లోనే ఉన్నాయి. కోర్టు ఉత్తర్వు మన చేతిలో లేదు. ఆయిల్ మన చేతిలో ఉండింది.

ఇప్పుడు 2020 నుంచి వచ్చే డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో పదికి తగ్గింది. ఆయిళ్లు మెరుగయ్యాయి, గడువులూ పెరిగాయి. అందుకే "ఇప్పటి బళ్లకు ఏమీ కాదు" అనే మాట మళ్లీ వినిపిస్తోంది. ఆ గడువు మంచి రోడ్డుకు, సరైన బరువుకు, కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్‌కు రాసింది. క్వారీలో తిరిగే టిప్పరుకు అదే లెక్క కాదు. ఆయిల్‌తో పాటు ఫిల్టర్ కూడా మార్చాలి. ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ఇంజన్ నడిచిన గంటలు రాసుకోవాలి.

మీ ఇళ్లలో నాన్నలు, తాతలు రాసుకున్న పాత లారీ పుస్తకాలు అటక మీద ఉంటే దించండి. ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఆయిల్ మార్చిన తేదీలు వరసగా ఉన్న ఆ పేజీలు మన కుర్రాళ్లు చూడాలి. క్యాంపుల్లో మన బతుకు నిలబెట్టిన చరిత్ర అందులోనూ ఉంది.