అమెరికా చరిత్రలో దశాబ్దాల పేర్లు

అమెరికా సాంఘిక, సాంస్కృతిక చరిత్రను పదేసి సంవత్సరాల ముక్కలుగా కోసి చెప్పడం ఒక అలవాటుగా స్థిరపడింది. 1920లు జాజ్ యుగం, 1930లు మాంద్యం, 1940లు యుద్ధం, 1950లు సమృద్ధి, 1960లు తిరుగుబాటు. ప్రతి దశాబ్దానికి ఒక పేరు, ఒక పాట, ఒక రకం దుస్తులు. పరీక్షకు చదివే విద్యార్థికి యిది సులువు. బోధించే అధ్యాపకునికీ సులువే. కాని ఒక కాలానికి పేరు పెట్టడమంటే కొందరి అనుభవాన్ని అందరి అనుభవంగా ప్రకటించడం. కనుక యీ పేర్లు యెవరి జీవితాన్ని చూచి పెట్టినవి, యెవరి జీవితాన్ని మరుగుపరచినవి అన్న ప్రశ్న వేయక తప్పదు.

మొదట 1920లను తీసుకుందాం. 1920 జనాభా లెక్కలలో అమెరికా పట్టణవాసులు మొదటిసారిగా సగానికి మించారు. ఆ యేడే స్త్రీల వోటుహక్కు రాజ్యాంగంలో చేరింది. మోటారుకారు, రేడియో, చలనచిత్రం మధ్యతరగతి జీవితాన్ని మార్చివేశాయి. జాజ్ యుగమన్న పేరును ప్రచారంలోకి తెచ్చినవాడు నవలాకారుడు ఫిట్జెరాల్డ్. ఐతే జాజ్‌ను సృష్టించిన నల్లజాతివారికి ఆ యుగంలో దక్కిందేమిటి? 1921లో టల్సా నగరంలో వారి గ్రీన్‌వుడ్ పేటను తెల్లవారి మూకలు తగలబెట్టాయి. హార్లెంలోని కాటన్ క్లబ్బులో డ్యూక్ ఎలింగ్టన్ బృందం వాయించేది. కూర్చుని వినే హక్కు తెల్లవారిదే. ఇక రైతు సంగతి. యుద్ధానంతరం పంటల ధరలు కూలిపోయినందువల్ల, నగరాలకు 1929లో వచ్చిన మాంద్యం పల్లెలకు అంతకు చాలా ముందే వచ్చింది. రైతుకు జాజ్ యుగం లేనేలేదు.

ఈ పేర్ల చాటున సాగిన చరిత్ర యెలాంటిదో తెలుసుకోవడానికి ఒక్క కార్మిక సంఘాన్ని వెంబడించి చూస్తే చాలు. పుల్మన్ కంపెనీ శయన బండ్లలో పడకలు సర్ది, సామాను మోసి, బూట్లు తుడిచే పోర్టర్లు దాదాపు అందరూ నల్లజాతివారే. నెలకు సుమారు 400 గంటల పని. బానిసను యజమాని పేరుతో పిలిచినట్లు, ప్రయాణీకులు ప్రతి పోర్టరునూ కంపెనీ యజమాని పేరుతో 'జార్జ్' అని పిలిచేవారు. ఈ కార్మికులు 1925లో సంఘం పెట్టుకొని ఫిలిప్ రాండాల్ఫ్‌ను నాయకునిగా యెన్నుకొన్నారు. అతడు కంపెనీ పనివాడు కాడు గనుక ఉద్యోగం నుంచి తీసివేస్తామని బెదిరించడానికి వీలులేదు. అతడు నడిపిన 'మెసెంజర్' పత్రిక సంఘానికి వాణి అయింది. లాంగ్‌స్టన్ హ్యూస్ తొలి కథలు కొన్ని అందులోనే అచ్చయినాయి. హార్లెం సాహిత్యోద్యమాన్ని సంగీతశాలల వెలుగులో మాత్రమే చూచేవారు యీ సంబంధాన్ని గమనించరు.

1930లకు వస్తే, 1933 నాటికి నలుగురు శ్రామికులలో ఒకరు నిరుద్యోగి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దయతో హక్కులు లభించాయని పాఠ్యగ్రంథాలు చెప్తాయి. 1935లో సంఘం పెట్టుకొనే హక్కును చట్టం గుర్తించిన మాట నిజమే. కాని ఆ హక్కును కంపెనీల చేత ఒప్పించింది సమ్మెలు. 1937లో ఫ్లింట్ మోటారు కార్మికులు 44 రోజులు ఫ్యాక్టరీలోనే బైఠాయించి గెలిచారు. పుల్మన్ పోర్టర్లు పన్నెండేళ్ళ పోరాటం తరువాత అదే సంవత్సరం కంపెనీ చేత ఒడంబడిక మీద సంతకం పెట్టించారు. ఈ కాలపు చట్టాలకు మరో ముఖం కూడా వుంది. కార్మికహక్కుల చట్టం, సాంఘికభద్రతా చట్టం రెండూ వ్యవసాయ కూలీలను, యిళ్ళలో పనిచేసేవారిని బయట వుంచాయి. దక్షిణాది నల్లజాతి శ్రామికులలో అధికభాగం సరిగ్గా ఆ పనులలోనే వున్నారు.

1941లో, యుద్ధ పరిశ్రమలలో నల్లజాతివారికి పని యివ్వకపోతే వాషింగ్టన్ మీదికి ప్రదర్శన నడిపిస్తానని రాండాల్ఫ్ హెచ్చరించాడు. ప్రదర్శన జరగకముందే రూజ్‌వెల్ట్ ఆ వివక్షను నిషేధిస్తూ ఉత్తర్వు జారీచేశాడు. అదే అధ్యక్షుని 1942 ఉత్తర్వు ఫలితంగా సుమారు 1,20,000 మంది జపాను సంతతివారు నిర్బంధ శిబిరాల పాలైనారు. వారిలో మూడింట రెండువంతులు అమెరికా పౌరులే. ఒకే యుద్ధం, ఒకే సంతకం. 'యుద్ధ దశాబ్దం' అన్న పేరు యీ వైరుధ్యాన్ని చెప్పలేదు.

1950లు సమృద్ధి కాలమంటారు. శ్రామికులలో మూడోవంతు సంఘాలలో వున్న కాలమది, వేతనాలు పెరిగాయి. టెలివిజను పదేళ్ళలో దాదాపు ప్రతి యింటికీ చేరింది. కాని 1947 చట్టం సంఘనాయకుల చేత తాము కమ్యూనిస్టులం కామని ప్రమాణం చేయించింది. 1949-50లలో పదకొండు వామపక్ష సంఘాలు కార్మిక సమాఖ్య నుంచి బహిష్కరణకు గురైనాయి. గాయకుడు పాల్ రాబ్సన్ పాస్‌పోర్టును 1950లో రద్దుచేసి, 1958 దాకా తిరిగి యివ్వలేదు. ఈ నిశ్శబ్దంలోనే 1955లో మాంట్గొమరీ బస్సు బహిష్కరణ మొదలై 381 రోజులు సాగింది. రోసా పార్క్స్‌ను జామీను మీద విడిపించిన ఇ. డి. నిక్సన్ యెవరు? ఆ వూరి పుల్మన్ పోర్టర్ల సంఘ నాయకుడు. 1960ల తిరుగుబాటు 1960లలో పుట్టలేదు.

1963లో సుమారు రెండున్నర లక్షల మంది వాషింగ్టన్‌లో ప్రదర్శన జరిపినప్పుడు దానికి సారథి వృద్ధుడైన రాండాల్ఫే. ఆ ప్రదర్శన పేరు 'ఉద్యోగాలకు, స్వేచ్ఛకు'. తరువాతి కాలం కింగ్ చెప్పిన కలను జ్ఞాపకముంచుకొని, ఉద్యోగాలన్న మాటను జారవిడిచింది. 1968లో కింగ్ హత్యకు గురైనది మెంఫిస్ పారిశుధ్య కార్మికుల సమ్మెకు తోడునిలిచినప్పుడే అన్న విషయం కూడా అందరికీ గుర్తులేదు.

రాండాల్ఫ్‌ను నిర్దుష్ట వీరునిగా నిలబెట్టడం నా వుద్దేశం కాదు. సోషలిస్టు అయిన అతడు కమ్యూనిస్టులతో తీవ్రంగా విభేదించాడు. దశాబ్దాలను బొత్తిగా వదలివేయాలనీ కాదు. 1929 అక్టోబరు వంటి మలుపులు నిజమైనవే. ఐతే అవి పంచాంగం చూచుకొని రావు. పెట్టుబడికి, శ్రమకు మధ్య ఘర్షణ ముదిరినచోట వస్తాయి.

ఈ చరిత్రతో తెలుగువారికి సంబంధం లేకపోలేదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవారు కారు గనుక పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జాతుల వారీ వాటాలను తొలగించిన 1965 వలస చట్టం, నల్లజాతివారి పోరాటం తెచ్చిన పౌరహక్కుల, వోటుహక్కుల చట్టాల వెంటనే వచ్చింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు తరువాత ప్రవేశించినది ఆ ద్వారం గుండానే. ఆ తలుపు తెరవడంలో పోర్టర్ల పాలు కూడా వుంది. తమ ప్రతిభ మాత్రమే తమను అక్కడికి చేర్చిందని నమ్మేవారు యీ ఋణాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఈ నాటి అమెరికాలో సుమారు పదిమంది శ్రామికులలో ఒకరే సంఘ సభ్యుడు. ఇది యే ఒక్క దశాబ్దంలోనో జరిగింది కాదు. ఎక్కడ మొదలైందో తెలియాలంటే 1950ల సమృద్ధి మధ్యలో జరిగిన ఆ బహిష్కరణలను చదవాలి. సాహిత్యాన్ని యుగాలుగా విభజించి పాఠం చెప్పే మనకు కూడా యిక్కడ నేర్చుకోవలసినది వుంది: యుగానికి పేరు పెట్టేముందు, ఆ యుగంలో సామాను మోసినవారు యెవరో అడగాలి.