రీకాల్ మరమ్మతు: టకాటా ఎయిర్‌బ్యాగ్‌ల ఉదంతం

కంపెనీ కారును వెనక్కి పిలిచి భాగం మార్చితే లోపం తొలగినట్లేనా? టకాటా చరిత్ర చూస్తే అలా చెప్పలేం.

జపాన్‌కు చెందిన ఈ సంస్థ ఎయిర్‌బ్యాగ్‌ను ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్‌లో అమోనియం నైట్రేట్ వాడింది. వేడి, తేమ ఏళ్ల తరబడి సోకితే ఈ రసాయనపు బిళ్లలు శిథిలమవుతాయి. అప్పుడు ప్రమాద సమయంలో అవి మితిమీరిన వేగంతో మండుతాయి. లోహపు డబ్బా పగిలి, ముక్కలు ప్రయాణికుల మీదికే దూసుకువస్తాయి.

2008లో హోండా అమెరికాలో మొదటిసారి రీకాల్ ప్రకటించినప్పుడు కార్లు సుమారు 4,000 మాత్రమే. తప్పు తయారీలో జరిగిందనుకున్నారు. అసలు చిక్కు రసాయనంలోనే ఉందని తేలేసరికి ఏళ్లు గడిచాయి. విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. మార్చి బిగించిన ఇన్‌ఫ్లేటర్లు చాలావాటిలోనూ ఉన్నది, తేమను పీల్చే పదార్థం కలపని అదే అమోనియం నైట్రేట్! కొత్తవి కనుక కొన్నేళ్లు ముప్పు తక్కువ, అంతే. ఆ యజమానులు మళ్లీ వర్క్‌షాపుకు రావలసి వచ్చింది. పాతదానితో తిరగడం కన్నా ఇది మేలే, కాదనను. కాని దీనిని మరమ్మతు అనడం కన్నా గడువు పొడిగింపు అనడం సబబు.

2017లో టకాటా అమెరికా న్యాయస్థానంలో మోసం నేరాన్ని అంగీకరించింది, అదే ఏడాది దివాలా తీసింది. ఒక్క అమెరికాలోనే రీకాల్ పరిధిలోకి వచ్చిన ఇన్‌ఫ్లేటర్లు దాదాపు 6.7 కోట్లు.